బ్లాకా? చార్జా? రిఫరీకి ‘అనుమానం’ వస్తే!

2018 మే 31. ఓక్లండ్‌లో ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్. ఇంకా 36.4 సెకన్లే ఉంది. క్లీవ్‌లాండ్ 104, గోల్డెన్ స్టేట్ 102. కెవిన్ డ్యురాంట్ బాల్‌తో బాస్కెట్ వైపు దూసుకొచ్చాడు. లెబ్రాన్ జేమ్స్ వచ్చి అడ్డం పడ్డాడు. ఢీ! విజిల్ మోగింది. చార్జ్... అంటే తప్పు డ్యురాంట్‌ది, బాల్ క్లీవ్‌లాండ్‌కి.

తర్వాత రిఫరీలు వీడియో చూశారు. నిర్ణయం తిరగబడింది. చార్జ్ కాదట, బ్లాక్ అట! తప్పు లెబ్రాన్ మీదికి వచ్చింది. డ్యురాంట్ రెండు ఫ్రీ త్రోలూ వేసేశాడు. స్కోరు సమం.

అదెలా కుదిరింది?

డిఫెండర్ బొమ్మలా కదలకుండా నిలబడితేనే చార్జ్ అని మనలో చాలామంది అనుకుంటాం. అది తప్పు. ముందే సరైన చోటు పట్టేస్తే పక్కకీ, వెనక్కీ జరగొచ్చు. షూటర్ షాట్ కోసం పైకి లేవడం మొదలెట్టేసరికి డిఫెండర్ అక్కడికి చేరాడా, లేదా? ఎన్‌బీఏలో అసలు ప్రశ్న ఇదే. రెప్పపాటులో అయిపోయే వ్యవహారం. అందుకే బాల్‌ని కాదు, డిఫెండర్‌ని చూడమని రిఫరీలకు నేర్పిస్తారు.

ఇంకో మెలిక ఉంది. బాస్కెట్ కింద 4 అడుగుల అర్ధవృత్తం గీసి ఉంటుంది. సాయంగా పరిగెత్తుకొచ్చిన డిఫెండర్ అందులో నిలబడితే సాధారణంగా చార్జ్ దక్కదు. అతని కాళ్లు లోపలున్నాయా, బయటున్నాయా అని అనుమానం వస్తే, చివరి రెండు నిమిషాల్లో రిఫరీలు వీడియో చూడొచ్చు. ఒకసారి చూడ్డం మొదలెట్టాక, అతను సరైన చోటు పట్టాడా లేదా అన్నది కూడా తేల్చొచ్చు.

గొడవంతా ఇక్కడే. లెబ్రాన్ కాళ్లు గీతకి బయటే ఉన్నాయి. టీవీలో చూసినవాళ్లకి అది స్పష్టంగానే కనిపించింది. మరి అనుమానం ఎవరికి? రిఫరీలు మాకే వచ్చిందన్నారు. అనుమానం అంటే ఎంత? దానికి కొలతేం లేదు, రిఫరీ మాటే ఆఖరు.

నన్నడిగితే బ్లాక్ అనడం తప్పేమీ కాదు, లెబ్రాన్ కాస్త ఆలస్యంగానే వచ్చాడు. కానీ గీత కోసం పెట్టిన తలుపులోంచి దూరి వేరే తీర్పు మార్చేశారు. క్లీవ్‌లాండ్ వాళ్లకి మండదా మరి!

107-107 దగ్గర ఆట ఆగి, ఓవర్‌టైమ్‌లో గోల్డెన్ స్టేట్ 124-114తో గెలిచింది. లెబ్రాన్ 51 పాయింట్లూ వృథా. ఆ మ్యాచ్ అనగానే ఇప్పటికీ అందరికీ గుర్తొచ్చేది మాత్రం చివరి సెకన్లలో జె.ఆర్. స్మిత్ స్కోరు మరిచినట్టు బాల్‌తో బయటికి పరిగెత్తిన సీనే.