చుట్టకీ స్క్రూకీ ఏంటి సంబంధం?

"నడుములో స్క్రూలు, రాడ్లు వేశారు" అని వినగానే, ఇక జీవితాంతం ఆ మెటలే వెన్నుని మోస్తుంది అనుకుంటాం. నిజానికి దాని అసలు పని కొన్నాళ్ళే. లంబార్ ఫ్యూజన్ అంటే నడుము దగ్గర పట్టు తప్పిన వెన్నుపూసల మధ్య ఎముక ముక్కలు పెట్టి, అన్నీ కలిసి ఒకే ఎముకగా అతుక్కునేలా చెయ్యడం. దానికి సుమారు 6 నెలల నుంచి ఏడాది పడుతుంది. అప్పటిదాకా కదలకుండా పట్టి ఉంచేవే టైటానియం స్క్రూలు, రాడ్లు. మా సీఎస్‌ఈ వాళ్ళ భాషలో, మెయిన్ సర్వర్ రెడీ అయ్యేదాకా నడిచే బ్యాకప్ అన్నమాట.

అంటే ఇదొక పందెం. ఎముక ముందు అతుకుతుందా, మెటల్ ముందు ఓడిపోతుందా? ఇనుప తీగని అటూ ఇటూ వంచుతూ పోతే కాసేపటికి పుటుక్కున విరుగుతుంది కదా! మనం నడిచినా, వంగినా రాడ్డు మీద అలాంటి ఒత్తిడే పడుతుంది. ఎముక అతకకపోతే ఎంత మంచి రాడ్డయినా ఏదో ఒకరోజు విరగొచ్చు, లేదా స్క్రూ వదులవ్వొచ్చు. అప్పుడు మళ్ళీ ఆపరేషన్ అవసరం పడొచ్చు.

ఎముక ఎందుకు అతకదు? దీనికి మా కళింగపట్నం వైపు ఒక పాత కారణం ఉంది: అడ్డపొగ. అంటే చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళకి ఎక్కువగా ఉన్న అలవాటు ఇది. ఆంధ్రాలో 10,169 మంది గ్రామస్థుల్ని పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలికి జరిగే హాని మీద పిండ్‌బోర్గ్ బృందం 1971లోనే పేపర్ రాసింది. నోటి క్యాన్సర్ సంగతి అందరూ చెప్తారు, వెన్ను సంగతే ఎవరూ చెప్పరు.

మా నానమ్మకి ఫ్యూజన్ చెయ్యాలన్న డాక్టర్, చుట్ట మానేస్తేనే డేట్ ఇస్తానన్నారు. "ఎముక్కీ సుట్టకీ ఏటి సమ్మందం?" అని నానమ్మ నన్నడిగింది. నికోటిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. కొత్త ఎముక పెరగాలంటే అక్కడికి రక్తం బాగా అందాలి. 2000లో 357 మంది పేషెంట్ల మీద వచ్చిన ఒక స్టడీలో, పొగ అలవాటు లేనివాళ్ళలో 14.2 శాతం మందికి ఎముక అతకలేదు. ఆపరేషన్ తర్వాత కూడా తాగినవాళ్ళలో అది 26.5 శాతం. 6 నెలలకి పైగా మానేసినవాళ్ళలో 17.1 శాతమే. అంటే ఎప్పుడు మానేసినా లాభమే. ఖైనీ, గుట్కాల్లోనూ నికోటిన్ ఉంటుందని మర్చిపోవద్దు.

రెండోది, గుల్లబారిన ఎముక. చెమ్మ పట్టిన గోడలో మేకు నిలవనట్టే అందులో స్క్రూ గట్టిగా పట్టదు. అందుకే పెద్దవాళ్ళకి ముందుగా డెక్సా స్కాన్ చేసి ఎముక సాంద్రత చూస్తారు. టీ-స్కోర్ మైనస్ 2.5 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే ముందు ఎముకని బలపరిచే మందులు ఇస్తారు, లేదా స్క్రూ చుట్టూ బోన్ సిమెంట్ వేస్తారు. విటమిన్ డి, షుగర్ కూడా చూసుకోవాలి. షుగర్ అదుపులో లేకపోతే ఇన్‌ఫెక్షన్ భయం ఎక్కువ.

మూడోది, ఇంటికొచ్చాక జాగ్రత్త. నడవడం మంచిదే. డాక్టర్ సరేననేదాకా వంగడం, బరువులెత్తడం, నడుము తిప్పడం వద్దు. వల లాగేవాళ్ళకీ, బిందెలు మోసేవాళ్ళకీ ఇదే కష్టం. ఆ పని కొన్నాళ్ళు ఇంట్లో ఇంకెవరో అందుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ ఆపరేషన్ అంటే, "స్క్రూ ఏ కంపెనీది?" అని అడిగే ముందు "ఎముక అతకడానికి మేమేం చెయ్యాలి?" అని అడగండి.