ఆఱవయేట వచ్చు పన్ను

శిశువునకు వచ్చు పాలపండ్లు 20. అవి రాలినపిమ్మట వాని స్థానమున స్థిరదంతములు వచ్చునని యెల్లరు నెఱుగుదురు. కాని సుమారు 6వ యేట, ఏ పాలపన్నును రాలకయే, పాలపండ్ల వెనుక మీదిదవడకు రెండు, క్రిందిదవడకు రెండు, మొత్తము నాలుగు పెద్ద పండ్లు పుట్టుచున్నవని యెఱిగినవారు కొలదిమందియే. ఇవి స్థిరదంతములు. పోయినచో మఱల రావు.

తల్లిదండ్రులు పొరబడుట యిచ్చటనే. “పాలపన్నే కదా, పుచ్చినను రాలి మఱియొకటి వచ్చును” అని యూరకుందురు. కొన్ని యేండ్లకు ఆ పన్ను గుల్లయై, తుదకు పెరికివేయవలసి వచ్చుటయు కలదు. అంతట ప్రక్కపండ్లు ఆ ఖాళీలోని కొరగును, నమలుటకు కష్టమగును.

పన్ను పుచ్చుటకు పురుగు కారణమని మన పెద్దలు చెప్పుదురు. నిజమునకు, కంటికి కానరాని సూక్ష్మజీవులు నోటిలో నున్నవి. బెల్లము, పంచదార, మిఠాయి పండ్లకు అంటుకొని నిలిచినచో, ఈ జీవులు వానినుండి ఆమ్లమును పుట్టించును. ఆ యామ్లము పన్నుపైనుండు గట్టిపొరను క్రమక్రమముగా కరగించును. ఆఱవయేటి పన్ను పైభాగమున లోతైన పల్లము లుండుటచే దానికి ముప్పు అధికము. ఎముక విరిగిన నతుకును. చర్మము తెగిన మానును. పంటికి పడిన గుంట మాత్రము తనంతట పూడదు. పైపొర కరగునపుడు నొప్పి తెలియదు. తీవ్రమైన పోటు పుట్టునప్పటికి వ్యాధి పన్ను నడుమనున్న నరమును సమీపించియుండును. కావున నొప్పి లేదని నిశ్చింతగ నుండరాదు.

ఉదయముననే గాక, రాత్రి పరుండబోవుటకు ముందును పండ్లు తోముకొనవలెను. నిద్రలో లాలాజలము తగ్గును గనుక రాత్రి తోముట మఱింత ముఖ్యము. బొగ్గు, ఇటుకపొడి పంటిపొర నరగదీయును. మెత్తని బ్రష్షును, బఠానీగింజంత ఫ్లోరైడు పేస్టును చాలును, పేస్టును మ్రింగరాదు. 7, 8 ఏండ్లు వచ్చువరకు పెద్దలు దగ్గరనుండి తోమింపవలెను. తీపిపదార్థములను భోజనముతో తినుట మేలు. దినమంతయు చప్పరించుట కీడు.

లవంగనూనె పోటును కొంతసేపు అణచునే గాని గుంటను మాన్పదు. గుంట చిన్నదై యున్నప్పుడే దంతవైద్యుడు దానిని శుభ్రపఱచి పూడ్చినచో పన్ను పెక్కేండ్లు నిలుచును. పుచ్చకముందే పల్లములను పూతతో మూయు పద్ధతియు కలదు.

విద్యార్థులారా! నేటి రాత్రియే దీపపు వెలుగున మీ చిన్నతమ్ముని నోరు తెఱపించి చూడుడు. ముందటి నడిమిపంటినుండి లెక్కించిన 6వ పన్నే యిది. దానిపై నల్లని చుక్కగాని గుంటగాని కనబడినచో వెంటనే తల్లిదండ్రులకు తెలుపుడు. పోటు వచ్చువరకు వేచియుండక వైద్యునికి చూపించిన, ఆ పన్ను వార్ధక్యమువరకు వానికి తోడుండగలదు.