కదిరి దారిలో సైకిలు: అంచు పట్టుకుంటేనే ముప్పు

నంబులపూలకుంట: ఈ మెట్ట ప్రాంతంలో పాల క్యానుకు, గడ్డిమోపుకు, బడి సంచికి సైకిలే ఆధారమైన ఇళ్లున్నాయి. ఇక్కడి సోలార్ పార్కులో ఎన్టీపీసీ 250 మెగావాట్ల కేంద్రం 2016లో పూర్తయింది. ఆ పనులతో పెద్ద లారీలూ ఈ దారి పట్టాయి. 2017లో 'బడికొస్తా' పథకం కింద ప్రభుత్వం హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. రోడ్డు మీద తొక్కడం నేర్పడం మాత్రం ఇచ్చినంత తేలిక కాదు.

లారీ అంటే భయపడి చాలామంది తారు అంచునే పట్టుకుని పోతుంటారు. చిక్కంతా అక్కడే. అంచు దిగితే కంకర. మళ్లీ తారు ఎక్కబోతే చక్రం జారి రోడ్డు మీదికే పడతారు. అంచుకు రెండడుగులు లోపలగా, ఎడమ పక్కనే, తిన్నగా పోవాలి. హారను వినగానే అదిరిపడి హ్యాండిల్ తిప్పరాదు. తిన్నగా పోయే సైకిలును డ్రైవరు అంచనా కట్టగలడు, వంకర్లు పోయేదాన్ని కట్టలేడు.

కుడికి మళ్లేముందు వెనక్కి చూసి, చెయ్యి చాపాలి. ఒంటిచేత్తో తొక్కడం రానివారు ముందు బడి మైదానంలో నేర్చుకోవడం మేలు. రద్దీగా ఉంటే దిగి నడిపించుకుపోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఆగిన లారీ ఎడమ సందులో దూరరాదు. ఆ మూల డ్రైవరుకు కనపడదు. వాలులో ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పడితే తలకిందులే. రెండూ కలిపి మెల్లగా పట్టాలి. చీకటి పడితే ముందు దీపం, వెనుక ఎర్ర రిఫ్లెక్టరు తప్పనిసరి.

తారు అంచున కోసుకుపోయిన చోట్ల మట్టి నింపించడం మాత్రం అధికారుల పని.