చూపు పోయిన కుక్క షికారుకెలా వెళ్తుంది?

ఐర్లాండ్‌లో పేరు మోసిన ఎర్రకుక్క ఐరిష్ సెట్టర్. ఈ జాతిలో కొన్నింటికి పుట్టుకతోనే ఒక జన్యులోపం వస్తుంది. కంటి వెనకపొరలో మసక వెలుతురును పట్టే కణాలు ముందు చచ్చిపోతాయి. అందుకే మొదట రాత్రిచూపు, తర్వాత పగటిచూపు పోతాయి. ఆ లోపం ఏ జన్యువులో ఉందో 1993లో కనుక్కున్నారు. ఇప్పుడు పరీక్ష చేయించి, లోపమున్న పిల్లలు పుట్టకుండా చూసుకోవచ్చు.

మరి చూపు పోయిన కుక్క ఇంట్లోనే పడుండాలా? అక్కర్లేదు! దాని అసలు లోకం ముక్కులోనే ఉంది. ముక్కు పక్కనున్న చీలికలను గమనించండి. వదిలే గాలి వాటిగుండా పక్కకు పోతుంది కాబట్టి, ముందునుంచి కొత్త వాసన లోపలికి వస్తూనే ఉంటుంది. అది చెట్టు మొదలు దగ్గర ఆగి వాసన చూస్తుంటే దయచేసి లాగకండి. అదే దాని షికారు.

డబ్లిన్‌లోని డాలీమౌంట్ ఇసుకతీరం లాంటి చదునైన చోటు దానికి హాయి. తగిలే అడ్డంకులు తక్కువ, అలల చప్పుడు దిక్కు చెబుతుంది. మెడపట్టీ బదులు ఒంటికి తొడిగే పట్టీ వేసి, పొట్టి తాడుతో నడిపించండి. మెట్టు రాగానే ప్రతిసారీ ఒకే మాట అనండి, త్వరలోనే నేర్చుకుంటుంది. తెలిసిన దారినే ముందు అలవాటు చేయండి.

అలాంటి కుక్క ఎదురైతే గబుక్కున తాకకండి. ముందు పలకరించండి, చెయ్యి వాసన చూడనివ్వండి.