వినోదనౌకలు – సరిహద్దు సుంకములు



నౌక యనగానే మనకు సరకు మోయు ఓడయో, చేపలు పట్టు నావయో తోచును. కేవలము విహారార్థమై సొంత పడవ నుంచుకొనుట మన దేశమున మిక్కిలి ధనవంతులకే చెల్లిన మాట. ఇంగ్లండున నట్లు కాదు. అచట ఉద్యోగము విరమించిన ఉపాధ్యాయుడు, చిన్న వర్తకుడు సైతము ఏండ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో పాత తెరచాప పడవ నొకదానిని కొని, వేసవిలో ఫ్రాన్సు తీరమునకో గ్రీసు దీవులకో పోవుట కలదు. అట్టివారికి 2020 డిసెంబరు 31వ తేది రాత్రి తెచ్చిపెట్టిన చిక్కులను గూర్చి నేడు మనవి చేసెదను.

పూర్వస్థితి యిట్లుండెను. 1993 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్య దేశములన్నియు నొకే అంగడిగా నేర్పడినవి. ఒక దేశమున వ్యాట్ చెల్లించిన పడవ తక్కిన సభ్యదేశముల రేవులలో మరల పన్ను లేకయే తిరుగవచ్చును. 1985కు ముందు నిర్మింపబడి, 1992 డిసెంబరు 31 అర్ధరాత్రి సమాఖ్యలో నున్న పాత పడవలకు పన్ను చెల్లినట్లే యెంచిరి. కావున బ్రిటిషు నావికుడు తన యింటి పెరటిలో మెలగినట్లే మధ్యధరా సముద్రమున మెలగెను.

బ్రిటన్ 2020 జనవరి 31న సమాఖ్యను వీడినది; సంధికాలము ఆ సంవత్సరాంతమున ముగిసినది. అంతట పడవ యే పక్షమునకు చెందునను ప్రశ్న పుట్టినది. యజమాని యెవ్వడని అడుగలేదు. ఆ రాత్రి పడవ యెచట నున్నదని యడిగిరి. ఒకే కర్మశాలలో పుట్టిన రెండు పడవలను అన్నదమ్ములిద్దరు కొనిరనుకొందము. అన్న పడవ సౌతాంప్టనులోను, తమ్ముని పడవ గ్రీసులోను లంగరు వేసి యున్నవి. తెల్లవారునప్పటికి అన్న పడవ సమాఖ్యకు పరాయిదైనది. తమ్ముని పడవ అచట స్వకీయముగనే నిలిచినది గాని, స్వదేశమునకు తెచ్చినచో దిగుమతి సరకే. నూటికి ఇరువది చొప్పున పన్ను. ఏబదివేల పౌనుల పడవకు పదివేల పౌనులు! ఉత్తర ఐర్లండులోని పడవలకు మాత్రము రెండు వైపుల హక్కును దక్కినది.

స్వదేశమునుండి వెడలి తిరిగివచ్చు వస్తువులకు మినహాయింపు లేకపోలేదు. యజమాని మారరాదు, పడవను చెప్పుకోదగినంతగా మార్చియుండరాదు, మూడేండ్లలో తిరిగి రావలెను. ఆ యేడు కరోనా వ్యాధిచే ప్రయాణములే నిలిచిపోగా పడవల నెట్లు తెచ్చుకొందురు? ప్రభుత్వము గడువును ముందు 2021 డిసెంబరు 31 వరకును, పిదప 2022 జూన్ 30 వరకును పొడిగించినది; తరువాత మూడేండ్ల నియమమునే వినోదనౌకల యెడ సడలించినది. అయినను గ్రీసులోనే కొని బ్రిటిషు తీరమును చూపని పడవకు ఈ దారి లేదు. తిరిగివచ్చుటకు ముందు వెడలియుండవలెను గదా.

ఇచట మన మోటుపల్లి శాసనము నాకు స్ఫురించుచున్నది. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతమున సముద్రవ్యాపారులకు అభయమిచ్చి, గాలివానకు ఒడ్డున పడిన ఓడల సొత్తును హరింపమనియు, ముప్పదింట ఒక పాలు సుంకము మాత్రమే గైకొందుమనియు శిలపై చెక్కించెను. తెరచాప యెత్తకముందే వర్తకునకు తన బాకీ యెంతయో తెలిసియుండెను. పన్ను ఎక్కువగుటకంటె, ప్రయాణమున నుండగా పన్ను మారుటయే హెచ్చు బాధాకరమని నా తలంపు.

ఇక పడవకొక గడియారము, మనిషికొక గడియారము. బ్రిటిషు పడవ సమాఖ్య జలములలో పన్ను లేక పదునెనిమిది నెలలు ఉండవచ్చును. టర్కీ రేవునకు పోయివచ్చినచో లెక్క మరల మొదలగును. మనిషికట్లు కుదరదు. షెంగెన్ దేశములలో ఏ నూటయెనుబది దినములందైనను తొంబది దినములే అతనికి భుక్తి. ఈ బాధ తప్పించుకొన నెంచి ఫ్రాన్సులో నివాసానుమతి పొందినచో మనిషి కుదుటపడును గాని, పడవకు ఆ పదునెనిమిది నెలల వెసులుబాటు పోవును. అది సమాఖ్యలో నివసింపని వారికే కలదు. ఒకప్పుడు తొంబది దినములు తీరినవారు క్రొయేషియాకు పోయి కాలము గడుపుచుండిరి. 2023 జనవరి 1న క్రొయేషియాయును షెంగెన్‌లో చేరుటతో ఆ తలుపు మూతపడినది. 2025 అక్టోబరు 12 నుండి ముద్రలకు బదులు వ్రేలిముద్రలు, ఛాయాచిత్రములు యంత్రములకెక్కింప నారంభించిరి గనుక, దినముల లెక్కలో పొరపాటునకు చోటు తగ్గినది.

చిన్న రేవులకును దెబ్బ తగిలినది. ఫ్రాన్సున అధికారికముగా ప్రవేశద్వారములైన షేర్‌బూర్ వంటి రేవులలోనే వెలుపలివారు రాకపోకలు నమోదు చేయించుకొనవలెను. వెనుకటివలె గాలి యెటు వీచిన నటుపోయి పల్లెరేవున దిగుటకు వీలులేదు. బ్రిటనుకు మరలివచ్చునపుడు ముందుగా వర్తమానమంపి, పసుపుపచ్చ జెండా యెత్తవలెను.

నేడు పాత పడవను కొనగోరువాడు చాపల నాణ్యము, అడుగుచెక్క దార్ఢ్యము చూచుటతో ఊరకుండడు. తొలి యజమాని పన్ను చెల్లించిన రసీదును అడుగును. దానితోపాటు 2020 డిసెంబరు 31 రాత్రి పడవ ఏ రేవున నున్నదో తెలుపు అద్దె చీటినిని అడుగును.