మిరపకోతల రోజుల్లో ఆదివారం ఎవరిది?
ఆటో వచ్చేలోగా అరగంట ప్రార్థన - కూలి పోతే సీజనే పోతుందన్న భయం

ఒంగోలు: తెల్లవారుజామున నాలుగు గంటలకే క్రైస్తవపేటల్లో పొయ్యిలు రాజుకుంటాయి. ఐదున్నరకల్లా మేస్త్రి తెచ్చే ఆటో వీధి మొగలో ఆగుతుంది. ఈలోగా అన్నం వండి క్యారియరు కట్టాలి, గేదెకు మేత వేయాలి, బడికి పోయే పిల్లలకు చెప్పవలసినవి చెప్పాలి. ఇన్ని పనుల నడుమ పదీ పదిహేను మంది ఆడవాళ్ళు కొంగు తలమీదకు లాక్కుని గుడిలో మోకరిస్తారు. ఒక కీర్తన, ఒక వాక్యభాగం, ఒక ప్రార్థన. హారను మోత వినబడేసరికి ఆమెన్ అయిపోవాలి.

మిరప, పొగాకు పండే గ్రామాలలో జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇదే వరస. మిగతా రోజులు ఎలాగో గడుస్తాయి. చిక్కంతా ఆదివారంతోనే వస్తోంది.

పండిన కాయ ఆదివారమని చెట్టున ఆగదు. కల్లంలో ఆరబోసిన కాయ వానకో మంచుకో తడిస్తే రంగు పోతుంది, ధర పడిపోతుంది. అందుకే రైతు తొందరపడతాడు. పొగాకు బ్యారన్ సంగతి మరీ కష్టం. ఒకసారి నిప్పు వేశాక ఐదారు రోజులపాటు రాత్రింబవళ్ళు వేడి చూసుకుంటూ కూర్చోవలసిందే. కర్రలకు ఆకు అల్లే ఆడవాళ్ళకు కూడా ఆ రోజుల్లో తీరిక దొరకదు.

కూలికి పోయేవారికి ఇందులో నష్టం ఒక్కరోజు కూలితో తీరేది కాదు. ముఠాలో నలుగురు రాకపోతే మేస్త్రి పక్క ఊరి నుంచి మరో నలుగురిని తెచ్చుకుంటాడు. మరునాడు వీరు వెళ్ళినా ఆటోలో చోటు ఉండదు. ఏడాది అప్పులు తీర్చుకొనేది ఈ మూడు నెలల కూలితోనే గనుక, ఆదివారం గుడికి వెళ్ళిన పాపానికి సీజనంతా పోతుందేమోనన్న భయం వారిని వెన్నాడుతోంది. కౌలుకు చేసే క్రైస్తవ రైతుదీ ఇదే అవస్థ. అతడు అటు పనివారిని పిలవాలి, ఇటు తాను గుడికి వెళ్ళాలి.

పైగా శ్రమదినాలు సరిగ్గా కోతల్లోనే వస్తాయి. ఈస్టరుకు ముందటి నలభై రోజుల ఉపవాస దినాలు ఫిబ్రవరి 4కు, మార్చి 10కి మధ్య ఏదో ఒక బుధవారం మొదలవుతాయి. మంచి శుక్రవారం మార్చి 20కి, ఏప్రిల్ 23కు మధ్య పడుతుంది. ఆనాడు సిలువపై పలికిన ఏడు మాటలను ధ్యానించే ఆరాధనను చాలా సంఘాలు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు జరుపుతాయి. చేలో కోత జోరుగా సాగే వేళ కూడా అదే.

పాత పేచీయే

ఆదివారం గురించిన ఈ పేచీ ఒంగోలు సీమకు కొత్తది కాదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు పక్కనున్న కొండ ఎక్కి ప్రార్థించారు. అదే నేటికీ ప్రార్థన కొండగా ప్రసిద్ధి. తరువాత 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ కాలంలో సంఘంలో చేరేవారికి మూడు కట్టుబాట్లు చెప్పేవారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వీటిలో గ్రామ పెద్దలకు ఎక్కువ కోపం తెప్పించింది మొదటిదే. పిలిచినప్పుడల్లా రావలసిన వెట్టివాడు వారానికో రోజు రానంటే వారు సహించలేకపోయారు. పని ఇవ్వక, బావినీరు ముట్టనివ్వక పేదలను నానా ఇబ్బందులు పెట్టారు. అంటే ఆనాటి మాదిగ కూలీకి ఆదివారం భక్తితోపాటు తన ఒంటిమీద తనకు హక్కునిచ్చిన మొదటి దినం కూడా అయింది.

పని నడుమనే దైవచింతన సాగిన కథ కూడా ఈ గడ్డమీదే జరిగింది. 1876-78 నాటి కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి కల్పించారు. పని చూసే బోధకులు విరామ వేళల్లో కూలీల మధ్య కూర్చుని వాక్యం చెప్పేవారు. అన్నం కోసం మతం మారారన్న మాట రాకూడదని, కరువు పని ముగిసేదాకా బాప్తిస్మాలు ఆపివేశారు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎందరో గునపం చేతబట్టి వాక్యం విన్నవారే.

పిడికెడు బియ్యం

తీరిక లేని ఇల్లాలు భక్తిని పనిలోనే కలుపుకొనే ఆచారం మరొకటి ఉంది. అన్నం వండే ప్రతిసారీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారం తిరిగేసరికి అది గుడికి చేరుతుంది. చేతిలో డబ్బు లేని రోజు కూడా ఆ కానుక తప్పదు. బోధకుని కుటుంబాన్నీ, పేట గుడినీ నిలబెట్టినవాటిలో ఈ పిడికెడు బియ్యం ముఖ్యమైనది.

రాత్రి ఎనిమిది దాటాక ఏదో ఒక ఇంటి వాకిట కూడిక జరుగుతుంది. మిరప ఘాటుకు మండుతున్న చేతులకు కొబ్బరినూనె రాసుకుని వస్తారు. పాట మొదలయ్యే వేళకు కొందరు కూర్చున్నచోటే కునుకు తీస్తారు. ఎవరూ తప్పుపట్టరు. చదువు రానివారు ఇప్పుడు కోత కోస్తూనే సెల్‌ఫోనులో వాక్యం పెట్టుకుని వింటున్నారు. అయితే తెల్లవారు కూడికలోనూ, రాత్రి కూడికలోనూ మగవారు పలచగానే కనిపిస్తారు. తీరిక లేదన్న సాకు వారికీ ఉంది. కాని సాయంత్రం టీకొట్టు వద్ద మాత్రం ఆ తీరిక ఎలాగో దొరుకుతోంది.

ఆదివారం గుడికి రానివారిని విశ్వాసం చల్లారినవారిగా లెక్కించే పెద్దలు కొందరు లేకపోలేదు. నాలుగింటికి లేచి మోకరించిన మనిషి విశ్వాసాన్ని పదింటి హాజరుతో కొలవడం న్యాయం కాదు. అలాగని ఆదివారాన్ని పూర్తిగా వదులుకుంటే, తాతలు అన్ని కష్టాలు పడి సంపాదించిన దినాన్ని చేజేతులా పోగొట్టుకున్నట్లవుతుంది.

దారి లేకపోలేదు. కోతల మూడు నెలలూ ఆదివారం సాయంత్రం రెండో ఆరాధన పెట్టవచ్చు. ఒక్క పాస్టరుగారు మూడు నాలుగు గ్రామాలు చూసుకోవలసిన చోట, సంఘంలో చదువుకున్న యువకులు దానిని నడపవచ్చు. మంచి శుక్రవారం ధ్యానాలను రాత్రికి కూడా జరపవచ్చు. సంక్రాంతికి పని ముందుగానే సర్దుకొనే రైతులు, ముందుగా అడిగితే ఆ ఒక్క శుక్రవారానికీ కాదనరు. ముఠాలో ఒకరిద్దరు వెళ్ళి అడిగితే మేస్త్రి వినడు. ముఠా అంతా ఒక్కమాటగా, సంఘ పెద్దలను వెంటబెట్టుకుని అడగాలి. కోతలు మొదలయ్యాక కాక, సంక్రాంతికి ముందే ఈ మాట తేల్చుకుంటే కూలీ, రైతూ ఇద్దరూ నష్టపోరు.