గుజ్జుకు తగిన మామిడి సంకర రకాలు

చిత్తూరు ప్రాంతపు గుజ్జు పరిశ్రమ ప్రధానంగా తోతాపురి అనే ఒకే రకంపై ఆధారపడి ఉన్నది. కోతలు జూన్, జూలై మాసాలలో ఒక్కసారిగా వచ్చిపడినప్పుడు ధర పడిపోవుట అక్కడి రైతుకు కొత్త కాదు. అయినను ఈ రకమును వదలుట సులభం కాదు. ఇది ఏటా కాస్తుంది, దిగుబడి అధికం. తొక్క దళసరి గనుక రవాణాను తట్టుకొంటుంది. లోపమల్లా రుచిలోను, సువాసనలోను ఉన్నది. ఆల్ఫాన్సోలో ఆ రెండును పుష్కలం. కాని అది ఏడాది విడిచి ఏడాది కాస్తుంది. పైగా కండలో ఏర్పడే స్పంజి కణజాలం కాయను కోసిన తరువాతగాని బయటపడదు.

ఈ గుణాలను ఒకచోట చేర్చుటకే సంకరీకరణ. పూగుత్తిలో వందలు, వేలు పుష్పాలున్నను అధిక భాగం మగపూలే. చేతితో పరాగ సంపర్కం జరిపిన ద్విలింగ పుష్పాలలోను చాలావరకు పిందె దశలోనే రాలిపోతాయి. నిలిచిన కాయకు టెంక ఒక్కటే. ఆ మొలక కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. ఏటా కాస్తుందో లేదో తేల్చుటకు మరికొన్ని ఏళ్లు కావలెను. ఒక శాస్త్రవేత్త ఉద్యోగకాలంలో ఒకటి రెండు రకాలు వెలువడితే అదే ఎక్కువ.

న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ విడుదల చేసిన మల్లిక, ఆమ్రపాలి ఇందుకు మంచి ఉదాహరణ. నీలం, దశేరి రెండింటికీ జనకాలే. మల్లికకు నీలం తల్లి, ఆమ్రపాలికి దశేరి తల్లి. మల్లిక కాయ పెద్దది. ఆమ్రపాలి కాయ చిన్నది, కండ ముదురు నారింజ వర్ణం. చెట్టు పొట్టిది గనుక 2.5 మీటర్ల ఎడంతో హెక్టారుకు 1,600 మొక్కలు పట్టును. జనకాలు మారుగా ఉండుటయే ఈ భేదానికి కారణమని విద్యార్థులు తరచు పొరబడుదురు. మామిడి జనకాలు విషమయుగ్మజాలు. ఒకే సంకరంలోని ఏ రెండు మొలకలును ఒకటిగా ఉండవు. ఎంపికైన మొక్కను అంటుకట్టి అదే గుణాలతో విస్తరింపజేయగలుగుట మన అదృష్టం. సంగారెడ్డిలో రూపొందిన మంజీరకు రుమాని, నీలం జనకాలు. ఏటా కాసే స్వభావం కొరకు నీలంను పదేపదే ఎన్నుకొనుట గమనింపదగినది.

రకాల వర్ణనలో తినుటకు ఎంత బాగున్నదో వ్రాసి ఊరకుండుట పెద్ద లోపమని నా అభిప్రాయం. కర్మాగారానికి కావలసినవి వేరు: గుజ్జు శాతం, బ్రిక్స్, ఆమ్లత, వేడిచేసిన తరువాత నిలిచే రంగు. కాయ చిన్నదైతే తొక్క, టెంకల పాలు పెరిగి, కూలి ఖర్చు అధికమగును. తీపి ఎక్కువై పులుపు తగ్గిన గుజ్జుకు నిల్వ కొరకు సిట్రిక్ ఆమ్లం కలుపవలసి వచ్చును.

ఉన్న తోటను తొలగించుమని రైతుకు చెప్పుటకు ముందు, నాలుగైదు ముదురు చెట్లకు తలమార్పిడి చేయించి, వచ్చిన కాయల గుజ్జును స్థానిక కర్మాగారంలోనే పరీక్షింపజేయుట మేలు.